న్యూయార్క్ 9/11 మ్యూజియం: చూసి రండి, ఎస్-66 పలక దగ్గర కాస్త ఆగండి

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రులకు న్యూయార్క్‌లో చూపించే స్థలాల వరుస ఒకటి ఉంటుంది. స్వేచ్ఛా ప్రతిమ, టైమ్స్ స్క్వేర్, ఎంపైర్ స్టేట్ భవనం, చివరికి 9/11 స్మారకం, అంటే 2001 సెప్టెంబరు 11న అల్‌ఖైదా ఉగ్రవాదులు విమానాలతో కూల్చిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్ల చోట కట్టినది. చాలామంది అక్కడి రెండు కొలనుల చుట్టూ తిరిగి, ఫోటోలు తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. కొలనుల కింద పెద్ద మ్యూజియం ఉందని తెలిసినా, టికెట్ ముప్పై డాలర్లు దాటుతుందనో, చూస్తే మనసు పాడవుతుందనో మానుకుంటారు. మానుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే కొన్ని సంగతులు ముందే తెలుసుకుని వెళ్లండి, ఎస్-66 పలక సంగతి చివర్లో చెబుతాను. ఆ సంగతుల్లో ఎక్కువ భాగం నేను బ్యాంకు ఉద్యోగంలో నేర్చుకున్నవి.

నేను గుంటూరు జిల్లా ముస్లింను. ఇంట్లో మేం మాట్లాడుకునేది తెలుగే. ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో గుమాస్తాగా చేరి అధికారిగా పదవీ విరమణ చేశాను. అమ్మాయి, అల్లుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటారు. మ్యూజియానికి మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. తను ఎనిమిదో తరగతి. బడిలో ఆ దాడుల గురించి పాఠం చెప్పినరోజు పక్క బల్ల పిల్లవాడు "మీవాళ్లే కదా చేసింది" అన్నాడట. ఆ మాట తను ఇంట్లో చాలా రోజుల తర్వాత చెప్పింది. మరచిపొమ్మని అమ్మాయి, పట్టించుకోవద్దని అల్లుడు అన్నారు. పిల్లకు అసలు జరిగిందేమిటో చూపించకుండా మరచిపొమ్మంటే ఎలా మరచిపోతుంది? చూపించి, ఆ తర్వాత మాట్లాడుకోవాలని నాకనిపించింది.

ఎడిసన్ నుంచి రైల్లో న్యూవార్క్ పెన్ స్టేషన్‌కు, అక్కడి నుంచి పాత్ రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. స్టేషన్ నుంచి బయటికి వస్తే స్మారకం ఎదురుగానే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇదే సులువైన దారి. మ్యూజియం గుమ్మంలో విమానాశ్రయంలో మాదిరిగా తనిఖీ ఉంటుంది. పెద్ద సంచులు తీసుకెళ్లవద్దు. నా గడ్డం, టోపీ చూసి ఎవరైనా వేరుగా నిలబెడతారేమోనని మా అమ్మాయి ముందురోజు నుంచీ కంగారుపడింది. అందరితో పాటే బెల్టు తీసి బుట్టలో పెట్టాను, అందరితో పాటే లోపలికి పంపారు. తనిఖీ చేసే ఉద్యోగి "జాగ్రత్తగా దిగండి పెద్దాయనా" అన్నట్టు చేయి చూపించి దారి ఇచ్చింది. ఈ మర్యాద లోపల చివరిదాకా ఉంది.

లోపలికి వెళ్లగానే కూలిన ఉత్తర టవరు ముఖభాగం నుంచి తీసిన రెండు ఉక్కు స్తంభాలు కనిపిస్తాయి, త్రిశూలాల ఆకారంలో. అక్కడి నుంచి వాలుదారిలో కిందికి దిగాలి. దాదాపు డెబ్భై అడుగుల లోతు. దిగుతుంటే చీకట్లోనుంచి గొంతులు వినిపిస్తాయి. ఆ ఉదయం తాము ఎక్కడున్నామో, వార్త ఎలా తెలిసిందో ప్రపంచం నలుమూలల మనుషులు తమ తమ భాషల్లో చెప్పుకుంటున్న మాటలవి. తొంభైకి పైగా దేశాల వాళ్లు ఆ రోజు చనిపోయారు. ఆ సంగతి చదివితే తెలుస్తుంది. ఈ గొంతులు వింటే మనసుకు ఎక్కుతుంది.

అడుగున హడ్సన్ నది నీటిని ఆపే పునాది గోడ ఉంది. టవర్లు కూలినా ఆ గోడ నిలిచింది. అది కూడా పడిపోయి ఉంటే నీళ్లు ముంచెత్తేవి. దాని ముందు 36 అడుగుల ఉక్కు స్తంభం. శిథిలాలు తొలగించేటప్పుడు చివరిగా 2002 మే నెలాఖరులో బయటికి తీసింది అదే. కార్మికులు, అగ్నిమాపక సిబ్బంది దాని మీద పేర్లు రాశారు, ఫోటోలు అంటించారు. ఇంకోవైపు గోడంతా నీలిరంగు కాగితాలు, మొత్తం 2,983. ఆ ఉదయం ఆకాశం ఏ రంగులో ఉందో గుర్తు తెచ్చుకుని ఒక చిత్రకారుడు ఒక్కో కాగితానికీ ఒక్కో నీలం వేశాడు. 2001లో చనిపోయిన 2,977 మంది, అదే చోట 1993 ఫిబ్రవరి 26న జరిగిన బాంబు దాడిలో చనిపోయిన ఆరుగురు, అందరికీ కలిపి ఆ లెక్క. ఆ గోడ వెనుక ఇంకా గుర్తించలేకపోయిన అవశేషాలను భద్రపరిచారు. అక్కడికి సందర్శకులకు ప్రవేశం లేదు. ఉండకూడదు కూడా. వెయ్యికి పైగా కుటుంబాలకు నేటికీ పూడ్చుకోవడానికి ఏమీ దొరకలేదు. జనాజా నమాజు (అంత్యక్రియల ప్రార్థన) చేసి మట్టి ఇవ్వడమంటే ఏమిటో తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ గోడ ముందు నిలబడి ఫాతిహా (ఖురాన్ తొలి అధ్యాయం) చదువుకున్నాను. మనవరాలు కూడా చేతులు ఎత్తింది.

వసతుల గురించి చెబుతాను. లిఫ్టులున్నాయి, కూర్చోవడానికి బల్లలున్నాయి, వివరాలు చెప్పే ఆడియో సదుపాయం ఉంది. ఆ రోజు సంఘటనలను గంట గంటకూ చూపించే చారిత్రక ప్రదర్శన ఒక ప్రత్యేకమైన గదుల వరుసలో ఉంది. అక్కడ ఫోటోలు తీయనివ్వరు. ఆ గదుల్లో మధ్యమధ్య బయటికి పోవడానికి దారులు పెట్టారు. చూడలేకపోతే చివరిదాకా వెళ్లనక్కరలేదు. అన్నిటికన్నా కఠినమైన దృశ్యాలను ఒక మూలకు మళ్లించి, ముందు హెచ్చరిక పెట్టారు. కావాలనుకున్నవాళ్లే అటు వెళతారు. నేను వెళ్లలేదు, పిల్లను వెళ్లనివ్వలేదు. బాధను చూపించేటప్పుడు చూసేవాడికి ఎంపిక ఇవ్వడం గొప్ప సంస్కారం. మన దగ్గర టీవీ చానళ్లు దీన్ని నేర్చుకోవాలి. పదేళ్ల లోపు పిల్లలను మాత్రం ఆ గదుల్లోకి తీసుకెళ్లకపోవడమే మంచిది.

నా కళ్లు ఎక్కువగా వెతికింది డబ్బు దారిని. ముప్పై ఏళ్లు దాటి లెడ్జర్లు చూసిన అలవాటు అది. దాడులపై విచారణ జరిపిన అమెరికా కమిషన్ తేల్చిన ప్రకారం ఆ కుట్ర మొత్తానికి అయిన ఖర్చు నాలుగు నుంచి అయిదు లక్షల డాలర్లు. హంతకులు అమెరికాలో తమ సొంత పేర్లతోనే బ్యాంకు ఖాతాలు తెరిచారు, తమ పాస్‌పోర్టులే చూపించారు. అరబ్ ఎమిరేట్స్ నుంచి ఒకడు లక్ష డాలర్లకు పైగా పంపాడు. దాడికి కొద్దిరోజుల ముందు మిగిలిన డబ్బును అటే తిప్పి పంపేశారు. ఏ గంటా మోగలేదు. బ్యాంకులు తప్పు చేశాయని కమిషన్ అనలేదు. అప్పటి నియమాలు మాదకద్రవ్యాల సొమ్మును పట్టుకోవడానికి తయారైనవి, ఇలాంటి చిన్న చిన్న మొత్తాలను పట్టుకునే ఏర్పాటే వాటిలో లేదు అని చెప్పింది. ఇది చదివిన ఏ బ్యాంకు ఉద్యోగికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఆ కౌంటరు వెనుక నేనున్నా ఆ ఖాతా తెరిచి ఉండేవాణ్ణే.

దాడులు జరిగిన పదిహేడు రోజులకు, 2001 సెప్టెంబరు 28న, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1373వ తీర్మానం చేసింది. ఉగ్రవాదులకు డబ్బు అందనివ్వకూడదు, వారి ఆస్తులను స్తంభింపజేయాలి, ఆశ్రయం ఇవ్వకూడదు, సమాచారాన్ని ఒకరికొకరు ఇచ్చుకోవాలి. అన్ని దేశాలకూ ఇది విధి. అంతకుముందే 1999లో 1267వ తీర్మానం ఉంది. దాని కింద తాలిబాన్, తర్వాత అల్‌ఖైదా మనుషుల పేర్ల జాబితా తయారైంది. న్యూయార్క్‌లో తయారయ్యే ఆ జాబితా రిజర్వు బ్యాంకు సర్క్యులర్ల రూపంలో గుంటూరు జిల్లాలోని శాఖ దాకా వచ్చేది. కొత్త ఖాతా తెరిచేముందు పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూడాలి. 2008లో చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టానికి 51ఎ సెక్షన్ చేరిన తర్వాత అది మరింత కట్టుదిట్టమైంది.

మా ప్రాంతంలో ఈ పని ఎలా ఉంటుందో ఊహించండి. షేక్ అనేది మాకు ఇంటిపేరులాంటిది. ప్రతి ఊళ్లో పదిమంది అబ్దుల్ రహమాన్లు, పాతికమంది మహమ్మద్ రఫీలు. కంప్యూటర్ రాగానే పేరు కలిసిందని ఎర్రగీత చూపించేది. కువైట్ నుంచి తాపీమేస్త్రీ ఒకరు కూతురి పెళ్లికి డబ్బు పంపితే అది ఆగిపోయింది. ఆయన భార్య కౌంటరు ముందు నిలబడి "మేం ఏం తప్పు చేశాం సార్?" అని అడిగింది. జాబితాలో ఉన్న మనిషి పుట్టిన తేదీ వేరు, దేశం వేరు, తండ్రి పేరు వేరు. కలిసింది పేరొక్కటే. ఆ మూడూ సరిచూసి, కాగితం మీద రాసి సంతకం పెట్టి పైకి పంపితే డబ్బు విడుదలైంది. దీనికి ఎంతసేపు? ఒక పూట. ఆ పూట పని చేయడానికి ఇష్టపడని అధికారి చేతిలో పడితే ఆ పెళ్లి ఆగిపోయేది.

జాబితా అవసరమే. దాన్ని తీసెయ్యమని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. మసీదులో సజ్దాలో (నుదురు నేలకు ఆనించి) ఉన్నవాళ్ల మధ్య బాంబులు పెట్టే ముఠాల డబ్బు ఆగితే మొదట బతికేది ముస్లింలే. కానీ పేరు కలవడం దర్యాప్తుకు మొదటి మెట్టు మాత్రమే. ఆ మెట్టు మీదే కూర్చుని తీర్పు చెప్పేవాళ్లు ఉగ్రవాదులను పట్టుకోలేరు, అమాయకులను పోగొట్టుకుంటారు. భద్రతా మండలి కూడా ఈ సంగతి ఆలస్యంగా ఒప్పుకుంది. యాసిన్ కాదీ అనే సౌదీ వ్యాపారి తనను ఏ ఆధారంతో జాబితాలో పెట్టారో చెప్పమని యూరప్ కోర్టులకు వెళ్లాడు. ఆరోపణ ఏమిటో చెప్పకుండా, వాదన వినకుండా ఆస్తులు స్తంభింపజేయడం హక్కులకు విరుద్ధమని 2008లో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. మరుసటి ఏడాది భద్రతా మండలి 1904వ తీర్మానంతో, జాబితాలో ఉన్నవాళ్లు మొరపెట్టుకోవడానికి ఒక స్వతంత్ర అధికారిని నియమించే పద్ధతి పెట్టింది. 2012లో కాదీ పేరు తొలగించారు. దీనివల్ల ఉగ్రవాదంపై పోరాటం బలహీనపడలేదు. జాబితా మీద న్యాయమూర్తులకు నమ్మకం కలిగితేనే దేశాలు దాన్ని గట్టిగా అమలు చేస్తాయి.

ఈ కళ్లతోనే నేను మ్యూజియంలో అల్‌ఖైదా పుట్టుక గురించిన భాగాన్ని చూశాను. ఆ భాగానికి ఒక చరిత్ర ఉంది. మ్యూజియం 2014 మే 21న ప్రజలకు తెరిచారు. దానికి కొద్ది వారాల ముందు, అల్‌ఖైదా ఎదుగుదల మీద తీసిన ఏడు నిమిషాల లోపు చిత్రం గురించి పెద్ద వివాదం నడిచింది. మ్యూజియం తానుగా ఏర్పాటు చేసుకున్న సర్వమత సలహా బృందం ఆ చిత్రాన్ని చూసి మార్పులు కోరింది. అందులో క్రైస్తవ, యూదు, ముస్లిం మతగురువులున్నారు. ఆ ముఠా భావజాలానికీ ఇస్లాం మతానికీ మధ్య గీత స్పష్టంగా గీయలేదని, తెలియనివాళ్లు ఆ రెండూ ఒకటే అనుకుని బయటికి వస్తారని వారి బాధ. దిగువ మన్‌హాటన్‌లోని ఒక మసీదు ఇమామ్ ఆ బృందం నుంచి తప్పుకున్నారు. చిత్రాన్ని పండితులు పరిశీలించారని, అది అల్‌ఖైదా గురించే తప్ప ఇస్లాం గురించి కాదని మ్యూజియం నిర్వాహకులు సమాధానం చెప్పారు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, కానీ నా ఓటు సలహా బృందానికే. హంతకులు మతం పేరు వాడుకున్నారు. అది చరిత్ర, దాన్ని దాచమని ఎవరూ అడగకూడదు. దాచితే పిల్లలు మనల్ని నమ్మరు. అయితే మ్యూజియం పండితుల కోసం కాదు. ఏటా లక్షలమంది వస్తారు, నిమిషం నిలబడి ముందుకు పోతారు. ఆ నిమిషంలో వాళ్లకు పేరు కలిసిన సంగతి తెలుస్తుంది. పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిచూసే తీరిక వాళ్లకుండదు. సరిచూసే బాధ్యత చూపించేవాళ్లదే. ఇంకో రెండు వాక్యాలు చాలు: ఈ ముఠా 1998లో నైరోబీ, దార్ ఎస్ సలామ్‌లలో అమెరికా రాయబార కార్యాలయాల మీద దాడి చేసినప్పుడు చనిపోయిన 224 మందిలో అత్యధికులు ఆఫ్రికన్లు, వారిలో ముస్లింలూ ఉన్నారు. ఇదే ముఠా ఇరాక్ శాఖ 2005 నవంబరులో అమ్మాన్‌లో పెళ్లి విందు జరుగుతున్న హోటల్లో బాంబు పేల్చింది. ఆ విందులో ఉన్నది ముస్లిం కుటుంబాలు. ఇవి వింటే ఏ పిల్లవాడైనా "మీవాళ్లు" అనే ముందు ఆగుతాడు.

మ్యూజియం చేసిన గొప్ప పని వేరే గదిలో ఉంది. చనిపోయినవాళ్లందరి ఫోటోలు గోడల నిండా పెట్టారు. బల్లమీద తెరను తాకితే ఒక్కొక్కరి జీవితం తెరుచుకుంటుంది. అక్కడ మనవరాలితో మహమ్మద్ సల్మాన్ హమ్దానీ పేరు వెతికించాను. కరాచీలో పుట్టి న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగిన 23 ఏళ్ల కుర్రవాడు. ప్రయోగశాలలో ఉద్యోగం, అంబులెన్సులో ప్రాథమిక చికిత్స చేసే శిక్షణ, పోలీసు శాఖలో కేడెట్. ఆ ఉదయం ఉద్యోగానికని బయలుదేరి, దాడి చూసి, సాయం చేయడానికి టవర్ల వైపు పరుగెత్తాడు. మళ్లీ ఇంటికి రాలేదు. పాకిస్తాన్‌లో పుట్టిన ముస్లిం, కనిపించడం లేదు. ఇక చూడండి, కొన్ని వారాల పాటు అతని మీదే అనుమానాలు. పత్రికలో రాతలు, ఇంటికి విచారణలు. 2002 మార్చిలో శిథిలాల్లో దొరికిన అవశేషాలు అతనివని తేలింది. ఏప్రిల్‌లో పోలీసు గౌరవాలతో మసీదు నుంచి అంత్యక్రియలు జరిగాయి.

ఇక్కడ బ్యాంకువాళ్లకే కనబడే విషయం ఒకటుంది. 2001 అక్టోబరు 26న సంతకమైన అమెరికా ఉగ్రవాద నిరోధక చట్టం, పేట్రియాట్ చట్టంలోని 326వ సెక్షన్ వల్లే అమెరికా బ్యాంకులు ఖాతాదారుల గుర్తింపును తప్పనిసరిగా సరిచూడడం మొదలుపెట్టాయి. మా పనికి అది పెద్దన్నలాంటి చట్టం. ముస్లింల మీద నిఘా పెంచిందని విమర్శలు ఎదుర్కొన్న చట్టం కూడా అదే. ఆ చట్టంలోనే 102వ సెక్షన్‌లో అరబ్, ముస్లిం అమెరికన్ల మీద వివక్షను ఖండిస్తూ, ఆ రోజు వీరోచితంగా ప్రవర్తించినవాళ్లకు ఉదాహరణగా హమ్దానీ పేరు రాశారు. అప్పటికి అతని అవశేషాలు ఇంకా గుర్తించలేదు. ఒకే చట్టంలో అనుమానమూ, గౌరవమూ పక్కపక్కనే ఉన్నాయి.

మనవరాలు ఆ తెర ముందు చాలాసేపు కూర్చుంది. "తాతయ్యా, ఈ అన్నయ్య గురించి మా టీచరుకు చెప్పనా?" అంది. చెప్పమన్నాను. ఆ తర్వాత దక్షిణ టవరు పదిహేడో అంతస్తులో ముస్లిం ఉద్యోగులు రోజూ నమాజు చేసుకునే గది ఒకటి ఉండేదని చెప్పాను. తను నమ్మలేదు. చనిపోయినవాళ్లలో పదుల సంఖ్యలో ముస్లింలున్నారు. వంటవాళ్లు, భద్రతా సిబ్బంది, కంప్యూటర్ ఉద్యోగులు. బయట కంచు పలకల మీద తెలుగు ఇంటిపేర్లు కూడా కనిపిస్తాయి. వెళ్లినప్పుడు వాటి ముందు కూడా ఒక క్షణం నిలబడండి.

హైదరాబాదు గుర్తు రాకుండా ఈ మ్యూజియం చూడడం నావల్ల కాలేదు. 2007లో నేను కోఠి ప్రాంతంలోని ఒక శాఖలో పనిచేస్తున్నాను. మే 18, శుక్రవారం, జుమా నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిదిమంది పేలుడులో, అయిదుగురు ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చనిపోయినవాళ్లు ముస్లింలు, ఆ తర్వాత అరెస్టయిన కుర్రాళ్లు కూడా ముస్లింలే. వాళ్లు నిర్దోషులుగా విడుదలయ్యారు. చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదుల తర్వాత ప్రభుత్వం వారికి నష్టపరిహారం ప్రకటించింది. కేసు చేతులు మారి, వేరే నిందితుల మీద విచారణ జరిగి, 2018లో వాళ్లనూ కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. మసీదులో బాంబు పెట్టినవాడు ఎవరో ఈనాటికీ రుజువు కాలేదు. ఆ ఏడాదే ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులోనూ, మా శాఖకు నడిచి వెళ్లే దూరంలో గోకుల్ చాట్ దగ్గరా బాంబులు పేలాయి. నలభైమందికి పైగా చనిపోయారు. నాలుగు రూపాయల చిల్లర కోసం మా కౌంటరుకు వచ్చే కుర్రాళ్లు తినే చోటు అది. ఆ కేసులో 2018లో ఇద్దరికి ఉరిశిక్ష పడింది. ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఒక్కటే. మతాన్ని చూసి మొదలుపెట్టిన దర్యాప్తు ఏళ్లు తిన్నది, దోషి తప్పించుకున్నాడు. మొదటి రోజే దొరికిన కుర్రాణ్ణి కొట్టి ఒప్పించడానికి పోయిన ప్రతి గంటా అసలు హంతకుడికి దక్కిన గంటే.

న్యూయార్క్‌లోనూ ఈ పాఠం ఉంది. అక్కడి పోలీసు శాఖ మసీదుల మీద, ముస్లిం హోటళ్ల మీద, విద్యార్థి సంఘాల మీద ఏళ్ల తరబడి రహస్య నిఘా పెట్టింది. ఆ విభాగం వల్ల ఒక్క ఉగ్రవాద కేసు ఆచూకీ కూడా దొరకలేదని ఒక ఉన్నతాధికారే 2012లో ప్రమాణపూర్వకంగా చెప్పారు. 2014 ఏప్రిల్‌లో దాన్ని మూసేశారు. మరోవైపు 2010 మే 1న టైమ్స్ స్క్వేర్‌లో బాంబు పెట్టిన కారు నుంచి పొగ వస్తోందని గమనించిన వీధి వ్యాపారులలో సెనెగల్ నుంచి వచ్చిన ముస్లిం ఒకరు. పోలీసును చూసి భయపడే మనిషి పొగ చూసినా నోరు తెరవడు.

దేశాల మధ్య కూడా ఇదే సూత్రం. 2010 అక్టోబరులో యెమెన్ నుంచి రెండు పొట్లాలు విమానాల్లో బయలుదేరాయి. ప్రింటర్ల లోపల బాంబులు. చిరునామాలు చికాగోలోని యూదు ప్రార్థనా మందిరాలవి. ఆ సమాచారం అందించింది సౌదీ అరేబియా. ఒకటి దుబాయ్‌లో, మరొకటి ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయంలో దొరికాయి. మక్కా మదీనాలున్న దేశం మాట చెప్పడం వల్ల ఆ బాంబులు పేలకముందే దొరికాయి. దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మహమ్మద్ 2003 మార్చి 1న రావల్పిండిలో దొరకడానికి పాకిస్తాన్ ఏజెన్సీలు కలిసి పనిచేశాయి. అదే పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాడెన్ ఏళ్లపాటు దాక్కున్నాడు. ఆ ఇంటి ఇటుక ఒకటి మ్యూజియంలో పెట్టారు. సహకారం అంటే ఇలాగే ఉంటుంది, ఒకసారి తలుపు తెరుస్తారు, ఒకసారి మూస్తారు. అయినా తలుపు తట్టక తప్పదు. ముస్లిం దేశాల పోలీసులు, బ్యాంకులు, న్యాయమూర్తులు లేకుండా ఈ పని ఒక్క అడుగు కూడా కదలదు. 2006 సెప్టెంబరు 8న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన ప్రపంచ ఉగ్రవాద నిరోధక వ్యూహం ఏ మతానికీ, జాతికీ, నాగరికతకూ ఉగ్రవాదాన్ని అంటగట్టకూడదని రాసుకుంది. అది మర్యాద కోసం రాసిన వాక్యమని చాలామంది అనుకుంటారు. దర్యాప్తు చేసినవాళ్లను అడగండి, అది పనిముట్టు అని చెబుతారు.

దాడులు జరిగిన ఆరోరోజున అప్పటి అధ్యక్షుడు బుష్ వాషింగ్టన్‌లోని ఇస్లామిక్ కేంద్రానికి చెప్పులు విప్పి వెళ్లి, ఇస్లాం అంటే శాంతి అని చెప్పారు. ఆ తర్వాత ఆయన చేసిన యుద్ధాల గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. కానీ ఆ రోజు ఆ పని చేయడం సరైనదే. ఎందుకంటే అప్పటికి రెండు రోజుల ముందే అరిజోనాలో తలపాగా చూసి ఒక సిక్కు వ్యక్తిని ముస్లిం అనుకుని కాల్చి చంపారు.

ఇక నా లెక్క. నిర్వహణకు, సిబ్బంది మర్యాదకు, చనిపోయినవాళ్లను గౌరవించిన తీరుకు అయిదుకు అయిదు. అల్‌ఖైదా గురించి చెప్పిన తీరుకు అయిదుకు మూడు. సలహా బృందం 2014లో అడిగిన మార్పులు చేస్తే నాలుగున్నర ఇస్తాను. డబ్బుకు తగిన విలువ ఉందా అంటే, ఉంది. పెద్ద కుటుంబానికి ఖర్చు బరువనిపిస్తే, సోమవారం సాయంత్రాలు కొన్ని ఉచిత టికెట్లు ఇస్తారు. అవి ఆన్‌లైన్‌లో త్వరగా అయిపోతాయి, ఉదయమే ప్రయత్నించండి. మంగళవారం మ్యూజియం సెలవు. వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరేముందు చూసుకోండి. కనీసం మూడు గంటలు పెట్టుకోండి. ముందే తిని వెళ్లండి. నమాజు చేసేవాళ్లకు కొద్ది నిమిషాల నడకలోనే మసీదు ఉంది, 1970 నుంచీ ఆ ప్రాంతంలో నడుస్తున్నది.

పైనున్న స్మారకానికి టికెట్ అక్కరలేదు. మ్యూజియంలోకి వెళ్లేముందే పిల్లలతో అక్కడికి వెళ్లండి. దక్షిణ కొలను చుట్టూ ఉన్న కంచు పలకలకు అంకెలున్నాయి. పుట్టినరోజున ఆ పేరులో ఒక తెల్ల గులాబీ గుచ్చుతారు. హమ్దానీ పేరు ఎస్-66 పలక మీద ఉంది. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది పేర్ల వరుసలో ఉండదు, ఎందుకంటే అతను అప్పటికి కేడెట్ మాత్రమే. ఆ వరుసలో చేర్చమని అతని తల్లి ఏళ్ల తరబడి అడిగారు. పేరు వెతకడానికి పక్కనే యంత్రాలున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఇంటిపేరు కొడితే పలక అంకె చూపిస్తాయి.